ఫైల్లో లేని ముఠా

ఆలు లేదు చూలు లేదు, ముఠా పేరు మాత్రం ‘టుక్డే టుక్డే గ్యాంగ్’, అంటే దేశాన్ని ముక్కలు ముక్కలు చేసే ముఠా అట. అలాంటి ముఠా ఉన్నట్టు ఏ దర్యాప్తు సంస్థా తమ దృష్టికి తేలేదని కేంద్ర హోంశాఖే 2020 ఫిబ్రవరి 11, మంగళవారం లోక్‌సభకు రాసిచ్చింది. జవాబిచ్చింది మన సికింద్రాబాద్ ఎంపీ, అప్పటి హోంశాఖ సహాయ మంత్రి కిషన్‌రెడ్డి. అదే ఏడు జనవరి 20న సమాచార హక్కు దరఖాస్తుకూ ఇదే మాట: సమాచారం లేదు.

మరి 2019 డిసెంబర్ 26న ఢిల్లీ సభలో, పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) నిరసనలప్పుడు ఢిల్లీలో జరిగిన అల్లర్లకు కాంగ్రెస్ నడిపిస్తున్న ఈ గ్యాంగే కారణం, శిక్షించే సమయం వచ్చింది అన్నదెవరు? ఆ శాఖ మంత్రి అమిత్ షాయే. శాఖకు తెలియని ముఠా మంత్రికెలా తెలిసింది? తెలిస్తే సొంత ఆఫీసుకైనా చెప్పొద్దా?

2016 ఫిబ్రవరి 9న ఢిల్లీలోని జేఎన్‌యూ విశ్వవిద్యాలయంలో వినిపించిన, ఈ పేరుకు మూలమైన ‘దేశం ముక్కలవుతుంది’ అనే నినాదాలు చిన్న విషయమా అని అడిగేవారున్నారు. కాకపోవచ్చు. ఆ కేసులో 2019లో చార్జిషీటు వేశారు, కోర్టు చూసుకుంటుంది.

ఈ గ్యాంగ్ పేరు టీవీ చర్చల్లో ఎగతాళిగా తిరిగిన మాట. తెలుగులోకి తర్జుమా కూడా చేసుకోకుండా మనవాళ్లూ ఎత్తుకున్నారు. ఎగతాళికి సభ్యుల జాబితా ఉండదు కాబట్టి ఎవరినైనా అందులో కలిపేయొచ్చు: విద్యార్థిని, ప్రొఫెసర్‌ని, సీఏఏ వద్దంటూ రోడ్డు మీద కూర్చున్న ముసలమ్మని. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం కింద ఒక సంఘాన్ని నిషేధించాలన్నా గెజిట్‌లో పేరు రావాలి, హైకోర్టు జడ్జి ట్రైబ్యునల్‌లో కూర్చుని రెండు వైపులా వినాలి. గ్యాంగ్ అనిపించుకున్నవాడు ‘నేను కాదు’ అని ఎవరి ముందు మొరపెట్టుకోవాలి? ఆధారమేదంటే, అంత గుట్టుగా ఉన్నారు చూడండి అంటారు. ఏమీ దొరక్కపోవడమే పెద్ద రుజువు! వెక్కిరింత కాస్తా కుట్ర కథైంది.

ముస్లిం యువకులు మతం మార్చడానికే హిందూ అమ్మాయిలను ప్రేమలోకి దింపుతున్నారనే ‘లవ్ జిహాద్’ ఆరోపణదీ ఇదే తంతు. ఆ మాటకు చట్టంలో నిర్వచనం లేదని, కేంద్ర సంస్థల నుంచి అలాంటి కేసేదీ రాలేదని 2020 ఫిబ్రవరి 4న సభకు చెప్పిందీ కిషన్‌రెడ్డే. సభలో లేదు, మైకు ముందు ఉంది. కాగితం మీద లేదు, ఓటు అడిగేటప్పుడు ఉంది. ఇది అలవాటైతే రేపు ప్రతి ముఖ్యమంత్రీ గిట్టనివాళ్లకు ఒక గ్యాంగ్ పేరు తగిలిస్తాడు, కేసు అక్కర్లేకుండానే.

హోంమంత్రి గారూ, జాబితా ఉంటే సభ ముందు పెట్టండి, లేకపోతే 2019 డిసెంబర్ 26 నాటి మాట వెనక్కి తీసుకోండి. 2016 నుంచి ఆ పేరు మీద చర్చలు నడిపిన యాంకర్లూ, హోంశాఖ లోక్‌సభకు రాసిచ్చిన ఆ ఒక్క వాక్యాన్ని కనీసం స్క్రోలింగ్‌లోనైనా వేయండి.