32 సెంటీమీటర్ల వ్యాసం

సీటీ గదికి వచ్చే రోగులందరిలో ఉత్తముడెవరంటే అక్రిలిక్ దుంగే. యంత్రం ఎంత రేడియేషన్ ఇస్తోందో కొలవడానికి రోగి బదులు పెట్టే దీన్ని ఫాంటమ్ అంటారు. తలకైతే 16 సెం.మీ. వ్యాసం, ఒంటికైతే 32. ఊపిరి బిగబట్టమని బతిమాలక్కర్లేదు, బిల్లు చూసి నోరు తెరవదు.

దానికి జరిగే మర్యాదలు చూడండి. నడుమ ఒక రంధ్రం, అంచుకు సెంటీమీటరు లోపల నాలుగు. రేడియేషన్ కొలిచే, పెన్సిల్ లాంటి 100 మి.మీ. అయాన్ ఛాంబర్‌ను వరసగా ఒక్కో రంధ్రంలో దూర్చి, మిగతావి అక్రిలిక్ కడ్డీలతో మూసి, బల్ల కదలకుండా ఎక్స్-రే ట్యూబ్‌ను ఒక్క చుట్టు తిప్పుతారు. నడిమి విలువలో మూడో వంతు, అంచుల సగటులో మూడింట రెండు వంతులు కలిపి, ఒక్క చుట్టులో బల్ల జరిగే దూరానికీ కిరణాల వెడల్పుకీ ఉన్న నిష్పత్తి అయిన పిచ్‌తో భాగిస్తే సీటీడీఐ-వాల్యూమ్, అంటే తెరమీద కనిపించే మోతాదు. దాన్ని స్కాన్ పొడవుతో గుణిస్తే స్కాన్ మొత్తపు మోతాదు చూపే డీఎల్‌పీ. ఇంత శ్రద్ధగా మనిషిని కొలిచినవాడు లేడు.

చిక్కల్లా మనుషులతోనే. తెరమీద 5 మిల్లీగ్రే అని కనిపిస్తే అది 32 సెం.మీ. దుంగకు అందిన మోతాదు. 2011 నాటి అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం నివేదిక 204 ప్రకారం, ఒంటి వ్యాసం 16 సెం.మీ. ఉన్న పిల్లవాడికి దాన్ని 2.06తో గుణించాలి, 22 సెం.మీ. వారికి 1.65తో. సరిగ్గా 32 ఉన్నవారికైనా 1.14 తప్పదు, ఎందుకంటే అక్రిలిక్ మన కండకంటే చిక్కన. కనుక రోగులంతా 36 సెం.మీ.కి (అక్కడ ఆ గుణకం దాదాపు 1) ఒళ్లు చేసి రావాలని మా సవినయ మనవి. లెక్కలు వాటంతటవే కుదురుతాయి.

బల్ల ఎత్తు సరిచూసుకోవడం కూడా వృథా శ్రమే. స్కౌట్, అంటే స్కాన్ ముందు కొలత కోసం తీసే బొమ్మ, తీసేటప్పుడు రోగి ట్యూబ్‌కు దగ్గరగా జరిగితే లావుగా కనబడతాడు, యంత్రం నమ్మేసి ట్యూబ్ కరెంటును, దాంతో మోతాదునూ పెంచేస్తుంది. బొమ్మ నున్నగా వస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. ఇక పొట్టకు ప్లెయిన్ (కాంట్రాస్ట్ మందు లేకుండా), ఆర్టీరియల్ (మందు ధమనుల్లో ఉండగా), వీనస్ (సిరల్లో ఉండగా), డిలేడ్ (ఆలస్యంగా) అన్నీ తీయాల్సిందే, అడక్కపోయినా. ఒక్కో ఫేజ్‌కు 10 మిల్లీగ్రే, 45 సెం.మీ. అనుకుంటే డీఎల్‌పీ 450. పెద్దవారి పొట్టకు వాడే 0.015తో గుణిస్తే ఒంటికి కలిగే ముప్పును అంచనా వేసే కొలతలో సుమారు 7 మిల్లీసీవర్ట్, నాలుగు ఫేజ్‌లకు 27. కొసరు వేయడం మన బజారు ధర్మం కదా!

పిల్లల ఒంటికి కొన్ని యంత్రాలు 16 సెం.మీ. దుంగనే లెక్కలోకి తీసుకుంటాయి. అప్పుడు అదే స్కాన్‌కు అంకె ఇంచుమించు రెట్టింపు చూపిస్తుంది. ఏ దుంగో డోస్ పేజీలో ఓ మూల రాసే ఉంటుంది, చదివేవారు అరుదు. వేరే ఆసుపత్రి కాగితం పక్కన పెట్టుకుని తల్లిదండ్రులు నిలదీస్తే కంగారు పడకండి: మీ బిడ్డకు ఏమీ తేడా చేయలేదండీ, దుంగను మార్చామంతే.