ఉసిరి చెట్టు కొట్టేసి వనభోజనాలా?

ఈసారి కార్తీక వనభోజనాలకి బరంపురం దగ్గర మన సభ్యుల తోటకి వచ్చినవాళ్ళంతా చూసే ఉంటారు, షామియానా కింద ప్లాస్టిక్ కుండీలో ఉసిరి కొమ్మ, దానికి పసుపు, కుంకుమ. నిరుడు మనం విస్తళ్ళు వేసుకున్న చెట్టేదండీ అంటే, "స్విమ్మింగ్ పూల్లో ఆకులు పడుతున్నాయని కొట్టించేశాం మాస్టారూ" అన్నారు తోటవాళ్ళు. నాకింక పులిహోర దిగలేదు.

కోప్పడే మొహం నాకూ లేదు లెండి. పర్లాకిమిడిలో మనవల కోసం పెరట్లో చిన్న పూల్ కట్టించినప్పుడు పడమటి వైపు వేపచెట్టు నేనూ కొట్టించాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది. ఆ ఏప్రిల్లో చూడాలి నా అవస్థ! పొద్దున్నే క్లోరిన్ వేసి మధ్యాహ్నం చుక్కలమందుతో పరీక్ష చేస్తే రంగే రాదు, అంటే క్లోరిన్ మిగల్లేదన్నమాట, వారం తిరిగేసరికి గోడలకి పాచి, నీళ్ళు పచ్చన. మందు నకిలీదని నేను కొట్టువాడితో గొడవ పెట్టుకుంటే, మా ఒడియా తోటమాలి "ఖరా బాబూ, ఖరా" (ఎండ బాబూ, ఎండ) అని పైకి చూపించాడు. నిజమే, నడినెత్తి ఎండలో ఏ రక్షణా లేని క్లోరిన్ గంట తిరక్కముందే సగానికి పైగా పోతుందట. ఎండ నుంచి క్లోరిన్‌ని కాపాడే సైనూరిక్ యాసిడ్ అనే మందు 30 నుంచి 50 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళకి అన్ని పాళ్ళు) ఉంటే నిలుస్తుంది, కానీ అది ఆవిరైపోయేది కాదు. మోతాదు మించితే క్లోరిన్ పనే మందగిస్తుంది. అప్పుడు నీళ్ళు తోడి పారబొయ్యాలి, అదీ మే నెలలో, ట్యాంకరు నీళ్ళు.

చెట్టుతో బాధ లేదని అనను. సరిగ్గా పూల్ మీదకి వంగిన కొమ్మయితే పిట్టల రెట్టలు, కుళ్ళిన ఆకులు, అవీ క్లోరిన్ని తినేవే. ఉసిరాకు మరీ సన్నం, పూల్లో ఆకులు పట్టే బుట్టలోంచి జారి ఫిల్టర్లో చేరుతుంది. పుష్యమాసంలో నీడనున్న నీళ్ళలో కాలు పెట్టలేం. అయితే కొమ్మలు కత్తిరిస్తే, సాయంత్రం ఆకులకి వల వేస్తే, క్లోరిన్ పొద్దు వాలాక వేస్తే సగం గొడవ తీరిపోతుంది. ఈ మాటలు ముందే ఎవరైనా చెప్పుంటే నా వేపచెట్టు బతికేది.

ఆ తోటలో పడమటి గట్టున చింతచెట్టు ఇంకా ఉంది. మూడు దాటాక దాని నీడ నీళ్ళ మీదకొస్తుంది, మన పిల్లలు దిగేదీ ఆ వేళకే. దాని మీద కూడా గొడ్డలి మాట చెవిన పడింది. బాబ్బాబు, దాన్ని ఉంచండి. వల నేను కొనిస్తాను. ఉసిరి మొక్క కూడా తెస్తాను, పూల్‌కి దూరంగా తూర్పు మూల గొయ్యి తవ్వించి ఉంచండి.