స్టీలు రీలూ, అమ్మ తీర్పూ

ఇంట్లో కెమెరా ఫిల్మ్ కడుక్కునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది కెమికల్ సంగతి కాదు, రీలు సంగతి. అంటే చీకట్లో ఫిల్మ్‌ని చుట్టి కెమికల్ ట్యాంకులోకి దింపే చక్రం. ప్లాస్టిక్కా, స్టీలా? ఇంత ముఖ్యమైన విషయం మీద దేశం ఇంకా ఒక మాట మీదకు రాకపోవడం విచారకరం.

మా ఇంట్లో మాత్రం చర్చ అక్కర్లేకపోయింది. "ప్లాస్టిక్ ఏంట్రా, స్టీలైతే నాలుగు కాలాలు పడుంటుంది" అంది అమ్మ. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్న అనుభవం ఆమెది. కాదనడానికి నేనెవర్ని?

స్టీలు రీలు చూడ్డానికి పెద్దమనిషే. ఫిల్మ్ మొనని మధ్యలో తగిలించి, వేళ్లతో కాస్త వంచి పట్టుకుని, లోపల్నుంచి బయటికి చుట్టుకుంటూ రావాలి. తడిగా ఉన్నా పేచీ పెట్టదు. మామూలు ప్లాస్టిక్ ట్యాంకు ఒక్క ఫిల్మ్‌కి 290 మిల్లీలీటర్లు తాగితే, ఇది దాదాపు 250తో సరిపెట్టుకుంటుంది. కానీ ఒక్కసారి కిందపడి వంగిందా, ఇక జన్మలో మాట వినదు. నాది పడింది. వరస తప్పితే ఫిల్మూ ఫిల్మూ అతుక్కుంటాయి, అక్కడికి డెవలపర్, అంటే బొమ్మని బయటికి తెచ్చే కెమికల్, చేరదు. 36 ఫోటోలు, అయిదడుగుల ఫిల్మ్, కటిక చీకటి. ఎర్రలైటు వేసుకోవచ్చుగా అనే బావగారికి మనవి: అది ప్రింటు కాగితానికి. ఈ ఫిల్మ్‌కి ఎరుపు కూడా కనిపిస్తుంది.

మా తమ్ముడి పెళ్లి ఫిల్మ్ సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర అతుక్కుంది. పీటల మీద మీగడలాంటి మరక. "మనుషులేరీ?" అంది పిన్ని.

సిగ్గు విడిచి ప్లాస్టిక్ కొన్నాను. అంచున దూర్చి ముందుకీ వెనక్కీ తిప్పితే, లోపలి చిన్న స్టీలు గుండ్లు ఫిల్మ్‌ని పట్టి లాక్కుంటాయి. (ప్లాస్టిక్ కూడా చివరికి స్టీలునే నమ్ముకుంది, చూశారా.) దీనికి మడి ఎక్కువ, అదీ పొడి మడి. చుక్క తడి తగిలినా కదలదు. మే నెల, విజయవాడ, గాలాడని ఛేంజింగ్ బ్యాగులో (చేతులు దూర్చి పనిచేసుకునే, వెలుతురు చొరని సంచి) మోచేతుల దాకా చెమట. పదో ఫోటో దగ్గర మొరాయించింది. ఆరో నిజాం కొలువులో రాజా దీన్ దయాళ్ గాజు పలకల మీద ఫోటోలు తీశారు. ఆయనకెన్ని కష్టాలున్నా రీలు కష్టం లేదు.

వంగిన స్టీలు రీలు ఇప్పుడు భోజనాల బల్ల మీద ఉంది. రసం గిన్నెకి కుదురు. కాస్త వంకరైనా గిన్నె ఒలకట్లేదట.

"పప్పుగిన్నెక్కూడా ఇలాంటిదొకటి తెచ్చిపెట్టరా" అంది అమ్మ.