ఆడుడే వాని పని

ఇప్పుడే ఇంటికొచ్చిన. చొక్కా గూడ మార్చలే, ఫోన్ పట్టుకొని కూసున్న. మిర్యాలగూడ రోడ్డు మీద ఫంక్షన్ హాల్ల మా పెద్దనాయిన మనుమరాలి తొట్టెల ఉండె. మా అక్క కొడుకు గూడ వచ్చిండు. వానికి పందొమ్మిదేండ్లు. కలకత్తల ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ దిక్కు డిఫెండర్, ఆడతడు. పోయినేడే మొదటి కాంట్రాక్టు మీద సంతకం పెట్టిండు. వారం సెలవు దొరికితే తల్లిని చూసిపోదామని వచ్చిండు.

బంతిల కూసున్నం. బగారన్నం, మటన్ వడ్డిస్తున్నరు. మా మేనమామ, అంటే వానికి తాత, ఎదురుంగ కూసున్నడు.

"ఏంరా మనుమడా, ఎట్లుంది కలకత్త?"

"మంచిగుంది తాతా. ఆడుతున్న."

"ఆట సరేగని, పనేం జేస్తున్నవ్?"

"ఆడుడే తాతా. నెలకింతని ఇస్తరు."

"అది గాదురా. పని. పని అడుగుతున్న."

పక్కనున్న ఇద్దరు నవ్విండ్రు. వాడు తల వంచుకొని పెరుగన్నం కలుపుకున్నడు. మటన్ ముట్టనే లేదు. ఎల్లుండి దిగంగనే ప్రాక్టీస్, బరువు పెరిగితే కోచ్ ఊకోడు. పందొమ్మిదేండ్ల పిలగాడు పెండ్లి భోజనం లాంటి భోజనం ముందట పెట్టుకొని నోరు కట్టుకుంటున్నడు. అది పని గాదా?

నిన్న రాత్రి వాడు మా ఇంట్ల పండుకున్నడు. సాక్సు ఇడిస్తే చూసిన. రెండు బొటనవేండ్ల గోర్లు నల్లగ చచ్చిపోయినయ్. కుడి మడమ మీద టేపు పీకి పీకి తోలు ఎర్రగ ఊశింది. పిక్క మీద ఎవడో బూట్ల స్టడ్స్‌తోటి తొక్కిన మూడు గాట్లు. ఫ్రిజ్జుల ఉన్న ఐసంత బకెట్ల పోసుకొని పదిహేను నిమిషాలు కాళ్లు పెట్టుకొని కూసున్నడు, పండ్లు కొరుక్కుంట. మా ఆవిడ చూడలేక లోపలికి పోయింది. ఏ ఆఫీసుల గా కష్టముంది, ఒక్కరు చెప్పుండ్రి.

ఫుట్‌బాలర్ బతుకు ఎంతని? ముప్పై రెండు, ముప్పై మూడు వచ్చిందంటే అయిపాయె. మోకాలు పోతే అంతకన్న ముందే. గా పదిపన్నెండేండ్ల కోసం పిలగాడు పదేండ్ల వయసు నుంచే పొద్దుగాల అయిదింటికి లేవాలె. మన దిక్కు గ్రౌండ్ల సంగతి చెప్పవల్సిన పని లేదు. మా గ్రౌండ్ల గోల్ పోస్టులకు నెట్టు అన్నది నేను చిన్నప్పటి సంది చూడలే. మీటింగు పెడితే టెంటు గుంజలు దిగ్గొడతరు, పోయినంక గుంతలు పూడ్చరు. గా గుంతల కాలు మడతపడి ఒక మంచి గోల్‌కీపర్ పిలగాడు ఆటే ఇడిశిండు. ఇప్పుడు ఆటో నడుపుతుండు. క్లాక్ టవర్ కాడ కనపడితే నాతోటి ఫుట్‌బాల్ మాట ఎత్తడు.

పని పని అంటరు. మన హైదరాబాద్ మహ్మద్ హబీబ్ ఏం జేసిండు? గా రోజులల్ల ఆటగాండ్లందరు ఏదో ఒక కొలువు పట్టుకొని ఆడేటోళ్లు. ఆయన కొలువు వద్దన్నడు. ఆడుడే నా బతుకు అని కలకత్త పోయిండు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్, గా మూడు పెద్ద క్లబ్బులకు ఆడిండు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌ల కాంస్యం తెచ్చిన జట్టుల ఉన్నడు. 1977ల పీలే తన న్యూయార్క్ కాస్మోస్ టీమ్‌తోటి ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే మోహన్ బగాన్ 2-2తోటి ఆపింది, అండ్ల ఒక గోల్ హబీబ్‌ది. పీలే ముందట గోల్ కొట్టినోన్ని గూడ మావోళ్లు పనేం జేస్తున్నవ్ అనే అడిగేటోళ్లు. 2023 ఆగస్టు 15 నాడు ఆయన హైదరాబాద్‌లనే పోయిండు. మా వాట్సాప్ గ్రూపుల నేనొక్కన్నే పెట్టిన. ఒక్కరు దండం గూడ పెట్టలే.

సరే, ఆయన పాత కాలపు మనిషి. గుగులోతు సౌమ్యను చూడుండ్రి. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. 2022ల క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌తోటి కాంట్రాక్టు రాసుకుంది. ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచినప్పుడు అండ్లనే ఉంది. 2025ల దేశంల ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే వచ్చింది. మన బంతిల కూసున్నోళ్లల్ల ఎంతమందికి గా బిడ్డ పేరు ఎరుక? ఐపీఎల్ల బెంచీ మీద కూసున్నోని ఊరు, కులం, అత్తగారిల్లు అన్ని చెప్తరు.

మామ మాటల ఒక్కటి నిజముంది, గది నేను కాదన. ఈ ఆటల పైసలకు నమ్మకం లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిల కేరళను పెనాల్టీలల్ల ఓడించి ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, కప్పు ఎత్తింది. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. నేను టీవీ ముందట ఏడ్చిన. రెండేండ్లు గాకముందే జీతాలు ఆగినయ్, ఆటగాండ్లు సీజన్ నడుమనే ఒక్కొక్కరు పోయిండ్రు. 2025ల టీమే ఢిల్లీకి పోయింది. రహీం సాబ్ పుట్టిన ఊర్ల ఐఎస్ఎల్ టీమ్ లేకుండ పాయె! 1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్ దాక దేశాన్ని తీస్కపోయిన కోచ్ ఆయన. 2025 జులైల లీగే ఆపిండ్రు, నెలల కొద్ది ఎప్పుడు మొదలైతదో ఎవ్వరు చెప్పలే. జీతాల మీద బతికే పిలగాండ్లు ఇంటికి ఏమని చెప్పాలె? కోపం గక్కడ చూపెట్టుండ్రి. పిలగాన్ని పట్టుకొని పని లేదంటే ఎట్ల?

అసలు నాకు ఇంత ఎందుకు మండుతుందో చెప్త. గా మాట నేను ఇదివరకే విన్న. గదే నోటి నుంచి.

1997. నేను ఇంటర్ రెండో సంవత్సరం. పీఈటీ సార్ సైకిల్ మీద మా ఊరికొచ్చి, హైదరాబాద్‌ల క్యాంపుకు నా పేరు వచ్చింది, నెల రోజులు పంపియ్యుమని మా బాపును అడిగిండు. బాపు ఒప్పుకునేటట్టే ఉండె. నాకు కొత్త స్టడ్స్ ఎంతైతయని గూడ సార్‌ను అడిగిండు. వాకిట్ల మంచం మీద మామ కూసొని ఉన్నడు. "బావా, ఆట సరేగని, రేపు పనేం జేస్తడు?" అన్నడు. గంతే. బాపు ఇంక మాట్లాడలే. సార్ చాయ్ తాగి పోయిండు. నేను ఎండాకాలం అయినంక ఫర్టిలైజర్ షాపుల కూసున్న, ఇయ్యాల్టికి గదే పని. నా పాత స్టడ్స్ కొట్టంల మొలకు ఏలాడదీస్తే ఎలుకలు కొరికినయ్. బాపు పోయేముందు ఒకనాడు "నిన్ను పంపియ్యవల్సి ఉండెరా" అన్నడు. నేను ఏం జవాబియ్యలే.

ఇయ్యాల గూడ ఏం అనలే. బంతిల పెద్దమనిషిని ఏమంటం. గందుకే ఈడ రాస్తున్న.

రేపు సాయంత్రం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కు పోతుండు వాడు. స్టేషన్‌కు నేనే దింపుత. మామా, ఇది నీ మనుమరాలు నీకు చదివి వినిపిస్తదని నాకు తెలుసు. కోపం తెచ్చుకోకు. నువ్వు గూడ స్టేషన్‌కు రా. వాని బ్యాగు జర అందుకో. పని గురించి గాదు, మ్యాచ్ ఎప్పుడురా అని అడుగు.