మర్యాదస్తుడైన దొంగతో వచ్చిన చిక్కు

మన దొంగలకు పనితనం ఉంది గానీ బీమా పాలసీ షరతుల మీద బొత్తిగా అవగాహన లేదు. అలాంటి ఒక దొంగ వల్లే తెనాలిలో మా బావగారికి రెండు లక్షల పైచిలుకు క్లెయిము పోయింది.

బావగారిది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. ఒక రాత్రి ఎవడో మారు తాళంచెవితో షట్టరు తీసి, రాగి వైరు చుట్టలన్నీ సర్దుకుని, బావగారు మరిచిపోయి వదిలేసిన లైటు కూడా ఆర్పి, మళ్లీ తాళం వేసి వెళ్లాడు. పొద్దున అగరొత్తులు వెలిగించేదాకా చోరీ జరిగిందనే తెలియలేదు.

మర్నాడే నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు వచ్చాడు. స్టాకు రిజిస్టరు, జీఎస్టీ బిల్లులు పక్కన పెట్టి ముందు తాళం అడిగాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, సెల్లు టార్చి వేసి, పెళ్లిచూపుల్లో పిల్లని చూసినంతసేపు చూశాడు. ఒక్క సొట్ట లేదు.

"కనీసం షట్టరైనా వంగలేదాండీ?" అన్నాడు జాలిగా.

"లేదండీ" అన్నారు బావగారు, అది తన తప్పే అయినట్టు.

తర్వాత ఉత్తరం వచ్చింది. మీ పాలసీ బర్గ్లరీకి. బర్గ్లరీ అంటే బలప్రయోగంతో, దౌర్జన్యంగా లోపలికి చొరబడటం. అంటే సరుకు పోయిన మాట నిజమే గానీ, పాలసీ ప్రకారం పోలేదు. కంపెనీని అనడానికీ లేదు. పాలసీలో అలా రాసి ఉంటే దొంగతనానికి ముందు బలప్రయోగం జరిగి తీరాలని 2004లో సుప్రీంకోర్టే చెప్పింది. మామూలు దొంగతనం కూడా కలపాలంటే విడిగా ప్రీమియం కట్టాలి. ఏజెంటు ఆ మాట చెప్పలేదా అంటే, చెప్పాడు. క్లెయిము తిరస్కరించాక.

ఇనప్పెట్టె సంగతి ఇంకా ముచ్చటైనది. చాలా పాలసీల్లో, దొంగ తాళంచెవితో పెట్టె తెరిస్తే డబ్బు రాదు. ఆ చెవిని మిమ్మల్ని కొట్టో బెదిరించో లాక్కుని ఉంటే వస్తుంది. కాబట్టి గల్లా మీద కూర్చునేవాళ్లు దెబ్బలు తినడానికి కొంత చొరవ చూపాలి.

బావగారు ఊరుకునే మనిషి కాదు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశారు. చింతిస్తున్నామని జవాబు వచ్చింది. ఇక మిగిలింది హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి. ఫీజు లేదు, వకీలును పెట్టుకోనక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది, సొంత పేరు మీద నడిపే కొట్టువాళ్లూ వెళ్లొచ్చు. తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి, అంతే. (ఈ పేరాలో వ్యంగ్యం లేనందుకు క్షమించాలి.)

ఈలోగా తాళాలు బాగుచేసే ముసలాయన ఒకాయన ధైర్యం చెప్పాడు. "మారు చెవి ఊరికే తిరగదు బాబూ. లోపల గీతలు పడతాయి. అది బలవంతం కాదా మరి?" బావగారికి ప్రాణం లేచొచ్చింది. ఆ గీతలే సాక్ష్యం! ఇత్తడి తాళాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచారు, పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు.

హైదరాబాదు బయల్దేరే రోజు పొద్దున, అంత పెద్దవాళ్ల ముందు పెట్టే వస్తువు కదా అని, అక్క దాన్ని కిరసనాయిలుతో లోపలంతా కడిగి, చింతపండు పెట్టి పీచుతో తోమి, తళతళ మెరిపించి బావగారి చేతిలో పెట్టింది.