డెప్త్ ఆఫ్ ఫీల్డ్ దొరగారికి ఒక అర్జీ

అయ్యా,

ఫొటోలో ముందు నుంచి వెనక్కి ఎంత లోతు వరకు స్పష్టంగా రావాలో తేల్చేది తమరే. పెళ్లి ఫొటోల్లో తమరి పిసినారితనం చూసి లోకం మురిసిపోతుంది. పెళ్లికూతురి ముఖం తప్ప, వెనకున్న ప్లాస్టిక్ కుర్చీలు, పెడస్టల్ ఫ్యాన్లు, అలిగి కూర్చున్న మేనమామ, అంతా మసకలో కలిసిపోతుంది. ఆ మసక కోసమే వేలకు వేలు పోసి లెన్సులు కొంటారు. ఫోన్లలోనైతే రాని మసకకు సాఫ్ట్‌వేర్ చేత వేషం కట్టిస్తున్నారు. తమరి వైభోగం అలాంటిది.

మా సంగతి వేరు. మేం పురుగుల వాళ్లం. తెల్లారకముందే చెరువుగట్టు గడ్డిలో మోకాళ్లూని, మంచు పట్టిన తూనీగ ముందు కెమెరా పెడతాం. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్, వన్ టు వన్ మ్యాక్రో (పురుగు ఎంతుంటే సెన్సర్ మీద బొమ్మా అంతే), లెన్సు కన్నం బాగా తెరిచి ఎఫ్/2.8. తమరు మంజూరు చేసేది మిల్లీమీటరులో మూడో వంతు! కంటి మీద గళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తాయి, ఆ కంటి పక్కనే వేలాడుతున్న మంచుబొట్టు మాత్రం రాదు. మనం ఊపిరి వదిలితే ఆ కన్నూ పోతుంది.

సరే కదా అని కన్నం కుదించి ఎఫ్/11కి వెళితే 1.3 మిల్లీమీటర్లు ఇస్తారు. ఊరికే ఇస్తారా? వెలుతురు పదహారో వంతుకు పడిపోతుంది. ఫ్లాష్ కొనాలి. ఫ్లాష్ కొడితే కంటి మీద తెల్లమచ్చ, దానికి వెలుతురును మెత్తబరిచే డిఫ్యూజర్ కట్టాలి. ఇంకాస్త ఆశపడి ఎఫ్/22 అన్నామా, అంత దగ్గర్నుంచి తీసేటప్పుడు అది దాదాపు ఎఫ్/44తో సమానం. సన్న కన్నంలో దూరిన వెలుతురును చెదరగొట్టే డిఫ్రాక్షన్ అనే తమరి బంధువు దిగిపోతాడు. అప్పుడు అంతా ఫోకస్‌లోనే ఉంటుంది, ఏదీ షార్ప్‌గా ఉండదు. అందరూ అర్హులే, ఎవరికీ డబ్బు పడని సర్కారు పథకం లాగా!

తమరి గుమాస్తా ఆటోఫోకస్ గురించి కూడా చెప్పుకోవాలి. గుర్రుమంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగి తిరిగి, తీరా వెనకున్న గడ్డిపరక మీద స్థిరపడతాడు. అందుకే ఆయనకు సెలవిచ్చేశాం. ఫోకస్ రింగును కదలనివ్వకుండా ఒంటినే ముందుకీ వెనక్కీ ఊపుతూ, కన్ను తేటపడగానే బటన్ నొక్కుతున్నాం. గేదెలు తోలుకొచ్చే వాళ్లు చూసి పూనకం అనుకుంటున్నారు.

ఫోకస్ స్టాకింగ్ ఉందిగా అంటారేమో. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ బోలెడు ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలపాలి. అన్నిసార్లూ పురుగు కదలకూడదు, గాలి వీచకూడదు. చలికి బిగుసుకున్నంతసేపు తూనీగ ఒప్పుకుంటుంది. కాస్త ఎండెక్కిందా, రెక్కలు వణికించి ఒళ్లు వేడి చేసుకుని ఎగిరిపోతుంది. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక తీసే పెద్దమనుషులూ ఉన్నారు. తమరు వాళ్లకు అడిగినంతా ఇస్తారు. ఇదేం న్యాయమండీ?

కోరేది పెద్దదేం కాదు. కన్నుతో పాటు మూతి కూడా ఇప్పించండి. ఆ పైన తోక, రెక్కలు తమరి ఇష్టం.

ఈలోగా మా తిప్పలు మేం పడుతున్నాం. రెక్కలు మూసుకుని వాలిన సీతాకోకచిలుక దొరికితే, దాని రెక్కకు సెన్సర్ సరిగ్గా సమాంతరంగా ఉండేలా పక్కనుంచి తీస్తున్నాం. కన్ను, మీసాలు, రెక్క మీది పొలుసులు దాదాపు అన్నీ తమరిచ్చిన ఆ కాస్తలోనే ఇమిడిపోతున్నాయి. ఇది తమరికి తెలియదనుకుంటా. తెలిసింది కదా అని రూల్ మార్చకండి.

ఇట్లు,
తమరి మిల్లీమీటరు మీద బతికేవాడు