నీ డప్పు 15 నిమిషాలకే ఆగిపోతోంది బ్రో

పొద్దున్నే వాయిస్ మెసేజ్. "బ్రో, నువ్విచ్చిన డప్పు 15 నిమిషాలకే సైలెంట్ అయిపోతోంది. లాక్ ఏమైనా పెట్టావా? ఫ్రెండ్స్ మధ్య ఇవేంటి బ్రో?"

ఫ్రెండ్స్ అట. నేనిచ్చింది భుజానికి తగిలించుకునే డప్పు కాదు, ఒక్కొక్క దెబ్బా రికార్డు చేసి కంప్యూటర్‌లో కీబోర్డుతో వాయించుకునేలా కట్టిన డప్పు. ఫ్రీగా పట్టుకెళ్లిన రోజు నుంచి ఈ మెసేజ్ దాకా బాగుందనో బాలేదనో ఒక్క ముక్క లేదు.

నాయనా, లాక్ నేను పెట్టలేదు. ఇలాంటి రికార్డింగులను కీబోర్డుతో మోగించే సాఫ్ట్‌వేర్ పేరు కాంటాక్ట్. దాని ఫ్రీ ప్లేయర్‌లో దానికోసం లైసెన్సు తీసుకున్న లైబ్రరీలే, అంటే వాద్యాల రికార్డింగ్ ప్యాకులే, పూర్తిగా నడుస్తాయి. నాలాంటివాడు ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్నవి డెమో మోడ్‌లోకి పోయి 15 నిమిషాలకు ఆగిపోతాయి. ఫుల్ వెర్షన్ కావాలని ఇచ్చిన రోజే చెప్పాను. దానికి వాడి సమాధానం: "అంత పెట్టి ఎవడు కొంటాడు బ్రో? అదేముంది, కీ నొక్కితే డప్పు వస్తుంది, అంతే కదా."

అంతే కదా! ఇక్కడే నాకు బీపీ పెరిగింది.

ఆ డప్పు కొట్టింది సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక అన్న. చలికాలం, రోడ్డు మీద హారన్లు తగ్గాక రాత్రి రికార్డింగ్. ఫ్యాన్ బంద్, ఫ్రిజ్ బంద్. డప్పును మంట మీద కాస్తేనే తోలు బిగిసి ఖంగుమంటుంది, కాసేపటికి చల్లారి శ్రుతి దిగిపోతుంది. శాంపిల్ అంటే విడిగా రికార్డు చేసిన ఒక్క దెబ్బ. మొదటి శాంపిల్‌కీ పదో శాంపిల్‌కీ శ్రుతి తేడా వస్తే కీబోర్డు మీద అది రెండు వేర్వేరు డప్పుల్లా వినిపిస్తుంది. అందుకని కాసిన్ని దెబ్బలు కొట్టడం, మెట్లు దిగి వాచ్‌మన్ వేసుకున్న చలిమంట దగ్గర కాచుకోవడం, మళ్లీ మెట్లెక్కడం. పాపం ఆ వాచ్‌మన్ మాకోసం ఎక్కడెక్కడి అట్టపెట్టెలో ఏరుకొచ్చాడు.

కుడిచేతి సిర్ర దెబ్బ వేరు, ఎడమచేతి సన్నపుల్ల దెబ్బ వేరు. అంచున వేరు, నడుమ వేరు, పుల్ల ఆనించి మోత ఆపేసేది వేరు. ఒక్కోటీ మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా, ఇరగదీసి కొట్టాలి. మిడిలో, అంటే కీబోర్డు కంప్యూటర్‌తో మాట్లాడే భాషలో, కీ ఎంత గట్టిగా నొక్కామన్నది (దాన్నే వెలాసిటీ అంటారు) 1 నుంచి 127 దాకా అంకెగా వస్తుంది, దాన్ని ఈ నాలుగు పొరలకు పంచాలి. ప్రతి పొరలోనూ అదే దెబ్బ ఆరుసార్లు ఉండాలి. ఒకే శాంపిల్ వెంటవెంటనే మోగితే మిషన్ గన్ పేల్చినట్టుంటుంది, ఆరింటినీ వంతులవారీగా మోగించే రౌండ్ రాబిన్ పెట్టేది అందుకే. ఐదు రకాలు, నాలుగు పొరలు, ఆరేసి దెబ్బలు: 120. రెండు మైకులు కాబట్టి 240 ఫైళ్లు.

మధ్యలో అన్నకు విసుగొచ్చింది. "దరువెయ్యనియ్యవా తమ్మీ? పిల్లగాండ్లకు నేర్పినట్టు ఒక్కొక్క దెబ్బ కొట్టుమంటవేంది?" ఏం చెప్పాలి ఆయనకు? దరువు రికార్డు చేస్తే అది లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క) అవుతుంది, ఆ ఒక్క పాటకే పనికొస్తుంది. దెబ్బలు విడివిడిగా ఉంటేనే రేపు ఇంకొకడు తన దరువు తాను వాయించుకుంటాడు.

ఇక ఎడిటింగ్. ప్రతి ఫైలుకూ తల కోయాలి. దెబ్బకు ముందు 20 మిల్లీసెకన్ల ఖాళీ మిగిలినా కీ నొక్కిన వేలు ఒకచోట, మోత ఇంకోచోట. మరీ దగ్గరగా కోస్తే ఆ 'టప్' పోయి క్లిక్ మిగులుతుంది. ఆపే దెబ్బ పడగానే అంతకుముందు దెబ్బ మోత ఆగాలి, దానికి గ్రూపులు వేరే కట్టాలి.

ఇంత చేసి ఇస్తే మనవాడు ఏం చేశాడు? ఒక్కటే కీ. వెలాసిటీ మొత్తం 127. కంప్యూటర్ గీసిన తాళపు గళ్లకు (గ్రిడ్‌కు) అతికించి కాపీ, పేస్ట్. దాని పేరు తీన్మార్! బోనాల్లో ఆ ట్రాక్ వేస్తే పోతరాజు కూడా కొరడా దించి కరెంటు పోయిందా అని చూస్తాడు. ఇన్‌స్ట్రుమెంట్ తెరవగానే ఆ అన్న పేరు పెద్దక్షరాల్లో కనబడేలా పెట్టాను. ఎవరీయన అని ఒక్కసారి అడిగితే ఒట్టు.

ఫ్రీగానే కావాలంటే కాంటాక్ట్ లాంటిదే డీసెంట్ శాంపిలర్ ఉంది, పైసా అక్కర్లేదు. ఏ కీకి ఏ శాంపిల్ అని రాసుకునే ఎస్‌ఎఫ్‌జెడ్ ఫార్మాట్ ఉంది, మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు. కాకపోతే కూర్చుని నేర్చుకోవాలి, వాయిస్ మెసేజ్ పెట్టినంత ఈజీ కాదు.

ఇక్కడ ఇంకో బ్యాచ్ తయారవుతుంది, "మీ శాంపిలర్ల వల్లే కళాకారుల పొట్ట కొడుతున్నారు" అంటూ. ఈ గొడవ 1960ల్లోనే అయింది. కీకి ఒక టేపు, ఎనిమిది సెకన్ల మోత ఉండే మెలోట్రాన్ అనే కీబోర్డు వచ్చినప్పుడు బ్రిటన్‌లో మ్యూజీషియన్స్ యూనియన్ కూడా ఇదే భయపడింది. భయం తప్పని నేననను. కానీ నేను ఆ అన్నకు డబ్బిచ్చి, పేరు పెట్టి చేశాను. అదే పేరు తీసేసి "ఇండియన్ ఫ్రేమ్ డ్రమ్ 3" అని ఫోల్డర్‌లో పడేసే వాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అనరు. డాలర్లలో కొంటే డౌట్లు రావు కాబోలు.

అసలు పేర్ల సంగతి ఎత్తితే నా కడుపుమంట వేరే ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయన, మ్యూజిక్ డైరెక్టర్, ఆయన దగ్గర మ్యూజిక్ ప్రోగ్రామింగ్ చేసేవాణ్ని. పెళ్లి పాటకు సన్నాయి కావాలి, పొద్దున్నకల్లా కావాలి. కీబోర్డు మీది పిచ్ వీల్ (శ్రుతిని పైకీ కిందికీ జరిపే చక్రం) తిప్పితే గమకం రాదు, పిల్లి అరుపు వస్తుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుడు మొత్తం నేను ముందే ఒక విద్వాంసుడి దగ్గర విడిగా రికార్డు చేసిపెట్టుకున్నా కాబట్టి సరిపోయింది. రాత్రంతా కూర్చుని స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) రాసి వాటిని అతికించాను. పాట హిట్. ఇంటర్వ్యూలో సారు గారు: "మేం లైవ్ ప్లేయర్స్‌నే నమ్ముతామండీ, సన్నాయి బృందాన్ని పిలిపించి చేశాం."

ఏ బృందం సార్? ఆ రాత్రి గదిలో ఉన్నది నేనూ దోమలూ.

టైటిల్స్ చూశాను. డ్రోన్ అద్దెకిచ్చినాయన పేరుంది, రైస్ మిల్లు ఓనరుకు ప్రత్యేక కృతజ్ఞతలున్నాయి, క్యాటరింగ్ వాళ్ల పేరు రెండుసార్లు పడింది. నా పేరూ లేదు, ఆ విద్వాంసుడి పేరూ లేదు. మేనేజర్‌ను అడిగితే "స్లైడ్‌లో జాగా సరిపోలేదు తమ్ముడూ" అన్నాడు. క్యాటరింగ్ వాళ్ల మీద మాత్రం నాకేం కోపం లేదు, ఆ పప్పుచారు నిజంగానే బాగుండేది.